సున్నా మేకు దగ్గర రెండు దారాలు

మూడో తరగతి గదిలో ముప్పై ఒక్క చెక్క పలకలు గోడ వారగా నిలబెట్టి ఉంటాయి. ఒక్కోటి వెడల్పాటి కంచమంత. ప్రతి పలక మీదా గుండ్రంగా పది మేకులు, మేకుల పక్కన సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు. అవి కొట్టింది వడ్రంగి కాదు, ఆ తరగతి టీచరే. సెలవుల్లో వెనక వసారాలో కూర్చుని మూడు వందల పది మేకులూ తనే కొట్టింది. బొటనవేలి గోరు నల్లబడి, ఊడి, కొత్తది మొలిచే వేళకి బడి తెరిచారు. మొదటి వారంలోనే పిల్లలు ఆమెకి పేరు పెట్టేశారు, మేకుల టీచరు అని.

నాలుగో ఎక్కం కావాలంటే దారాన్ని ముందు సున్నా మేకుకి చుట్టాలి. అక్కణ్ణించి నాలుగు లెక్కపెడితే నాలుగో మేకు. ఇంకో నాలుగుకి ఎనిమిది. ఇంకో నాలుగు పోతే తొమ్మిది, సున్నా, ఒకటి, రెండు. దారిలో సున్నాని దాటారు కాబట్టి పది చేరింది, అంటే పన్నెండు. తర్వాత ఆరు మేకు, పదహారు. తర్వాత సున్నా, ఇరవై. దారం బయల్దేరిన చోటికే వచ్చి కలుస్తుంది. పలక మీద ఐదు కోణాల నక్షత్రం నిలబడుతుంది. మూడో ఎక్కానికి పది కోణాల నక్షత్రం. ఐదో ఎక్కానికి ఒకే ఒక గీత.

"ఐదో ఎక్కం వట్టి బద్ధకం ఎక్కం టీచర్, అటూ ఇటూ దొర్లడం తప్ప ఎక్కడికీ పోదు" అంది ఒక రోజు ముందు బల్ల మీది పిల్ల. దేనికైనా వాదనకి దిగుతుందని ఆ పిల్లని అందరూ లాయరు అంటారు.

పిల్లలు నవ్వారు. టీచరు కూడా నవ్వింది. నవ్వుతూనే గోడవైపు చెవి పెట్టింది. పక్క గదిలో మాస్టారు ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నారు. నలభై గొంతులు ఒక్కటై గోడని గుద్దుతున్నాయి. ఆ మోత వినపడిన ప్రతిసారీ ఆమె తనకి తెలియకుండానే తన వంతు ఎన్నోదో లెక్కపెట్టుకుంటుంది. ముప్పై రెండేళ్ళ మనిషి, రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకుంది, అయినా అంతే.

ఎందుకంటే ఆమెకి ఎక్కాలు రావు. రెండూ ఐదూ వచ్చు, మిగతావి నోటికి రావు. ఈ సంగతి బడిలో ఎవరికీ తెలియదు.

చిన్నప్పుడు ఆమె చదివిన బడిలో పిల్లల్ని వరసగా నిలబెట్టేవాళ్ళు. ఒక్కొక్కరు ఒక్కో వరస అరిచి చెప్పాలి. ఎవరైనా ఆగితే అందరూ మళ్ళీ మొదటినుంచీ రావాలి. తన ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుని, తనకి ఏ వరస పడుతుందో చూసుకుని, అదొక్కటే పెదాల కింద నూరుకుంటూ ఉండేది. తీరా తన దగ్గరికి వచ్చేలోపు ముందు ఎవడో తడబడేవాడు, వరస మారిపోయేది. ఒకసారి ఏడు ఎనిమిదులు పడింది. నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. వెనక నిలబడ్డ పిల్ల "మళ్ళీ నీ వల్లే" అని వీపులో పొడిచింది. 

ఆమెని బతికించింది నోటుపుస్తకం చివరి పేజీ. ఒకరోజు ఏమీ తోచక, గ్లాసు మూతి పెట్టి ఒక సున్నా గీసి, దాని చుట్టూ పది చుక్కలు పెట్టి, ఎక్కాల్లో చివరి అంకెల్ని వరసగా గీతలతో కలిపింది. బొమ్మ వచ్చింది. ప్రతి ఎక్కానికీ ఒక బొమ్మ. మాటలు గొంతులో ఇరుక్కుంటాయి గానీ బొమ్మలు ఇరుక్కోవు. అప్పటినుంచీ ఏ లెక్కొచ్చినా ఎడమ అరచేతిలో కుడి చూపుడువేలితో ఆ గీతలు గీసుకుని జవాబు చెప్పేది. దురదపెట్టినట్టు నటిస్తూ పరీక్షలన్నీ గట్టెక్కింది. టీచరయ్యాక అది నటన అని కూడా మర్చిపోయింది.

ఈ ఏడాది మూడో తరగతి తన చేతికొచ్చినప్పుడు బడి పెద్ద మేడం దగ్గరికెళ్ళి, పిల్లల్ని నిలబెట్టి అప్పజెప్పించనని, పలకల మీద నేర్పుతానని అడిగింది. పెద్ద మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"పక్క గది మాస్టారు ఇరవై ఏళ్ళుగా చెబుతున్నారు. ఆయన పిల్లలకి ఎక్కాలు రాలేదని ఎవరూ అనలేదు."

"వస్తాయి మేడం. భయంతో వస్తాయి."

"భయంతో వచ్చినా రావడం ముఖ్యం కదమ్మా. సరే, ఒక టర్మ్ తీసుకోండి. ఆఖరి శుక్రవారం బయటినుంచి పరీక్షకి మేడం వస్తారు. పలకలు లేకుండా పిల్లలు నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే సోమవారం నుంచి మూడో తరగతి లెక్కలు మాస్టారికి ఇచ్చేస్తాను. అప్పుడు నన్నేమీ అనకూడదు."

అనేదేముంది. తరగతి పోతే ముప్పై ఒక్కమందీ వరసలో నిలబడాలి. అందులో తన కూతురు బుల్లి కూడా ఉంది. ఆ పిల్లకి తల్లి పోలిక ఎక్కడొచ్చిందో రాలేదో గానీ, ఎవరైనా గట్టిగా అడిగితే నోరు తెరిచి గాలి వదలడం మాత్రం వచ్చింది.

ఆ పరీక్షకి ముందు రోజు, గురువారం సాయంత్రం ఇంట్లో ముందుగదిలో అత్తగారు మిషను ముందు కూర్చుని పిల్లల చొక్కాలు కుడుతోంది. వీధిలో సగం ఇళ్ళకి బడి బట్టలు ఆవిడే కుడుతుంది. బుల్లి నాలుగో ఎక్కం పలక ఒళ్ళో పెట్టుకుని మిషను కింద దారాలు ఏరుతోంది. టీచరు గడప మీద కూర్చుని రేపటి సంగతే ఆలోచిస్తోంది.

"ఏమే బుల్లీ, రేపు పెద్ద పరీక్షట కదా. ఏదీ, నాకు ముందు లెక్క చెప్పు. ఆరు చొక్కాలు, చొక్కాకి నాలుగు గుండీలు. ఎన్ని తెమ్మంటావ్ కొట్టునుంచి?"

బుల్లి సున్నా మేకు మీద వేలుపెట్టింది. "నాలుగు ఐదులు ఇరవై, అది నాకొచ్చు నానమ్మా. అక్కణ్ణించి…" వేలు దారమ్మట జారి ఆగింది. "ఇరవై ఆరు."

"ఇరవై ఆరా! ఆ ఎక్కువ రెండూ ఎవరికి కుట్టను, మీ నాన్న ముక్కుకా?"

బుల్లి కిలకిలా నవ్వింది. టీచరు నవ్వలేదు. లేచి వచ్చి పలక ముందు చతికిలబడింది.

"మళ్ళీ చెయ్యమ్మా. ఏడు చొక్కాలు."

వేలు ఆరు మేకునుంచి రెండుకి పోయింది. "ముప్పై రెండు."

"ఎనిమిది?"

"ముప్పై ఎనిమిది."

 సున్నా మేకు దగ్గర రెండు దారాలున్నాయి. ఒకటి నాలుగుకి పోతుంది, ఒకటి ఆరుకి. చుట్టడం అయిపోయాక దారం ఎటునుంచి ఎటు పోయిందో ఎవరు చెప్పగలరు? నాలుగో ఎక్కం నక్షత్రం, ఆరో ఎక్కం నక్షత్రం ఒకటే. తిరిగే వైపు వేరు, అంతే. ఎనిమిదో ఎక్కం కూడా, పిల్లలందరికీ నోటికొచ్చిన రెండో ఎక్కానికి తిరగేసినదే. ఆమె వేలుకి ఆ వైపు ఇరవై మూడేళ్ళుగా అలవాటు. ఆలోచించకుండానే పోతుంది. అందుకే దాన్ని చెప్పాలని ఆమెకి ఎన్నడూ తట్టలేదు. పైగా ప్రతి ఎక్కాన్నీ ఐదో వరస వరకు ఒక రోజు, ఐదు పైన మర్నాడు నేర్పింది. మర్నాడు పిల్లలు సున్నా మీద కొత్తగా వేలుపెట్టి, దగ్గర కనిపించిన దారం పట్టుకుని నడిచారు. మూడూ ఏడూ తొమ్మిదీ పది మేకులూ తిరిగి గానీ సున్నాకి రావు కాబట్టి వాటిలో ఈ గొడవ లేదు. ఆమె ఎప్పుడు పైవరసలు అడిగినా గర్వంగా ఏడో ఎక్కమే అడిగింది.

"బుల్లీ, ఇలా కాదు. సున్నానుంచి ఇటు పోవాలి."

"నిన్న అటే పోయాను కదమ్మా, నువ్వు చూశావు, బాగుందన్నావు."

"నేను సరిగ్గా చూడలేదు. ఇటు. నాలుగు వైపు."

"మరి ఆరో ఎక్కానికి?"

"ఆరుకి అటు."

"మరి ఎనిమిదికి?"

పావుగంటలో బుల్లి వచ్చినవి కూడా తప్పింది. నాలుగు మూళ్ళు పద్దెనిమిది అంది.  పలక పక్కన పెట్టేసి నానమ్మ కొంగు వెనక్కి పోయింది.

"పిల్లని వదిలెయ్యమ్మాయ్" అంది అత్తగారు, మిషను ఆపి. "రేపు వెళ్ళి ఉన్నమాట చెప్పెయ్. కొలత తప్పితే కుట్టు విప్పుకోమా? నేను వారానికోసారి విప్పుతాను."

"మీకేం తెలుసు అత్తయ్యా. మీరు గుడ్డ విప్పుతారు. అవతల ఉన్నది పిల్లలు."

అనేసి నాలుక కరుచుకుంది. అత్తగారు మిషను చక్రం మీద చెయ్యి వేసి మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది, కాస్త గట్టిగా.

పొద్దున గంట కొట్టాక పరీక్ష మేడం వచ్చేలోపు పదిహేను నిమిషాలుంది. ముప్పై ఒక్కమందికి పదిహేను నిమిషాల్లో సరిదిద్దబోతే రాత్రి భోజనానికి ముందు బుల్లికి ఏమైందో వీళ్ళందరికీ అదే అవుతుంది. వచ్చిన మూడూ ఏడూ కూడా పోతాయి. ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి నోట్లోంచి వచ్చిన మాట ఆమెకే కొత్తగా వినిపించింది.

"పిల్లలూ, ఇవాళ నాలుగు, ఆరు, ఎనిమిది ఎక్కాలు అడిగితే ఎవరూ చెయ్యి ఎత్తకండి."

"తెలిసినా ఎత్తొద్దా టీచర్?" లాయరు లేచింది.

"తెలిసినా."

"ఎందుకని?"

"కూర్చో అమ్మా."

"ఐదు లోపుదైనా వద్దా?"

"లాయరు గారూ, కూర్చోండి."

పిల్లలు నవ్వలేదు. ఆమె గొంతులో నవ్వే చోటు లేదని వాళ్ళకి అర్థమైంది.

పరీక్ష మేడం పొట్టిగా, చురుగ్గా ఉంది. పలకలన్నీ వరండాలో పెట్టించి, కుర్చీ వద్దని కిటికీకి ఆనుకుని నిలబడింది. పెద్ద మేడం వెనక బల్ల మీద కూర్చుంది. పక్క గది మాస్టారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన గదిలో పిల్లలు ఏదో రాసుకుంటున్నట్టున్నారు, ఈ పూట గోడ నిశ్శబ్దంగా ఉంది.

"మూడు ఎనిమిదులు?"

చేతులు లేచాయి. "ఇరవై నాలుగు."

"ఏడు ఆర్లు?"

"నలభై రెండు."

"ఏడు తొమ్మిదులు?"

పిల్లల చూపుడువేళ్ళు బల్లల మీద మెల్లగా తిరిగాయి. "అరవై మూడు!" పరీక్ష మేడం కనుబొమలు ఎగరేసింది. "ఆ వేళ్ళతో ఏం గీస్తున్నారర్రా?" అంది, కానీ కోపంగా కాదు. 

"సరే, తేలికది. నాలుగు ఆర్లు?"

ఒక్క చెయ్యి లేవలేదు.

"నాలుగు ఏడులు? పోనీ, ఆరు రెళ్ళు?"

 పరీక్ష మేడం తరగతంతా చూసింది. "ఇదేమిటమ్మా, ఏడో ఎక్కం వచ్చినవాళ్ళకి ఆరు రెళ్ళు రావా?"

పెద్ద మేడం ముఖం బిగుసుకుంది. టీచరు పిల్లల వైపు చూసింది. చేతులు వాటంతటవే లేస్తాయేమోనని కొందరు వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. లాయరు పెదాలు లోపలికి మడుచుకుని ఉంది. బుల్లి తల్లినే చూస్తోంది. నోరు కొంచెం తెరిచి ఉంది, మాట లేదు.

ఆ నోరు ఆమెకి తెలుసు. దాన్ని అలా తెరిపించకూడదనే ఇన్ని మేకులు కొట్టింది.

"నేనే ఎత్తొద్దన్నాను మేడం" అంది. 

"ఏమిటీ?"

"వాళ్ళకి నాలుగు, ఆరు, ఎనిమిది ఎక్కాలు ఐదో వరస పైన తప్పుగా వచ్చాయి. నేను నేర్పడంలో తప్పు చేశాను. నిన్న సాయంత్రం తెలిసింది. అడిగితే తప్పు చెబుతారని చేతులెత్తొద్దన్నాను."

గుమ్మంలో మాస్టారు దగ్గారు. టీచరు వరండాలోంచి ఒక పలక తెచ్చి చూపించింది. సున్నా మేకు, రెండు దారాలు, నాలుగు ఆర్లకి ఇరవై ఆరు ఎలా వస్తోందో. దారం మేకునుంచి ఊడింది, మళ్ళీ తగిలించింది. పరీక్ష మేడం పలక తిప్పి తిప్పి చూసింది.

"మీరెందుకు పట్టుకోలేదు మరి? మీకు ఎక్కాలు నోటికొస్తే వెంటనే తెలిసేదిగా, ఇరవై ఆరు అనగానే."

ఇదే. చిన్నప్పటినుంచీ ఏ మాట ఎదురవుతుందని భయపడిందో ఆ మాట ఇదే.  పారిపోవడానికి గుమ్మం ఉంది, గుమ్మంలో మాస్టారున్నారు.

"నాకు ఎక్కాలు నోటికి రావు మేడం."

పెద్ద మేడం లేచి నిలబడింది. 

"ఆరు ఎనిమిదులు ఎంత?" అంది పరీక్ష మేడం, చాలా నెమ్మదిగా.

టీచరు ఎడమచెయ్యి చాచింది, ఈసారి దురద నటించలేదు. ముప్పై ఒక్కమంది చూస్తుండగా కుడి వేలితో అరచేతిలో గీసింది. ఐదుకి సున్నా, ముప్పై. ముప్పై ఆరు. సున్నా దాటి రెండు, నలభై రెండు. ఎనిమిది. "నలభై ఎనిమిది." గోడ గడియారంలో సెకన్ల ముల్లు పది గీతలు నడిచింది.

"టీచరుకి ఎటు పోవాలో తెలుసు మేడం" అంది లాయరు, ఎవరూ అడక్కుండానే లేచి. "మాకే చెప్పలేదు."

"నువ్వు కూర్చోవే" అంది పెద్ద మేడం.

"ఉండనివ్వండి" అంది పరీక్ష మేడం. "ఇప్పుడు చెప్పారుగా. అయితే నాలుగు ఆర్లు ఎంత?"

"ఇరవై నాలుగు."

వెనకనుంచి ఎవరో "ఇరవై ఆరు" అన్నారు. ఇంకెవరో "కాదు" అన్నారు. పరీక్ష మేడం ఏదో రాసుకుని కాగితం మడిచింది.

మధ్యాహ్నం పెద్ద మేడం గదిలో ఆమెని కూర్చోమనలేదు.

"మూడు ఎక్కాలు సగం రాలేదని రాసి వెళ్ళారు. అది నిజమే కాబట్టి నేనేమీ అనను. మీకు నోటికి రాదన్నది కూడా నేను వదిలేస్తాను, లెక్క చెయ్యడం చూశాను. కానీ పిల్లలకి తెలిసింది చెప్పొద్దన్నారు చూడండి. మాస్టారు ఇరవై ఏళ్ళలో బెదిరించారు, అరిచారు, నోరు ముయ్యమని మాత్రం ఎప్పుడూ అనలేదు."

ఆమెకి అది వినడానికి వరసలో నిలబడ్డప్పటి కంటే ఎక్కువ కష్టంగా ఉంది. ఎందుకంటే ఈసారి వీపులో పొడిచిన చెయ్యి తనదే.

"సోమవారం నుంచి మాస్టారికి ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఆయనే వద్దన్నారు. ఏడో ఎక్కం తన పిల్లలకంటే వేగంగా చెప్పారట, ఇంకొన్నాళ్ళు చూడమన్నారు. నెల రోజులిస్తాను. ప్రతి శుక్రవారం నేనే వచ్చి అడుగుతాను. చేతులు కిందున్నాయో, ఆ రోజే ఆఖరు. వెళ్ళండి."

సోమవారం పొద్దున పలకలన్నీ పంచి, దారాలన్నీ విప్పించింది. కొత్త దారం ఇచ్చింది. సున్నాకి ముడి వేయించింది.

"నాలుగో ఎక్కం. ఇరవై అయిపోయింది, సున్నా దగ్గరున్నాం. ఇప్పుడెటు?"

వేళ్ళు లేచాయి. ఇరవై తొమ్మిది వేళ్ళు నాలుగు వైపు చూపించాయి, రెండు వేళ్ళు ఆరు వైపు. ఆ రెండింట్లో ఒకటి బుల్లిది.  ఇరవై తొమ్మిదిలో ఎవర్ని లేపినా జవాబు సరిగ్గా వస్తుంది, శుక్రవారం దాకా నిశ్చింత. 

"బుల్లీ, నువ్వు చెయ్యి. అటే పో. పైకి చెప్పు."

బుల్లి వేలు కదిలింది. "ఇరవై ఆరు… ముప్పై రెండు… ముప్పై ఎనిమిది… నలభై నాలుగు…" గొంతు సన్నగా ఉంది గానీ ఆగలేదు. వేలు నాలుగునుంచి సున్నాకి చేరింది. "యాభై." పలక వంక చూసింది. తల్లి వంక చూసింది. "నాలుగు పదులు యాభయ్యా? నాలుగు పదులు నలభై కదా టీచర్!"

"పది కొట్టేశావే!" అంది లాయరు. తరగతి అంతా ఘొల్లుమంది. బుల్లి కూడా నవ్వేసి, గబగబా వేలు సున్నా మీదకి తెచ్చి, ఈసారి నాలుగు వైపు బయల్దేరింది.

టీచరు బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది.  ఆరు వైపు చూపించిన రెండో పిల్లవాడు ఇంకా చెయ్యి దించలేదు. అతని వైపు తిరిగి, "నువ్వు చెప్పు నాన్నా" అంది.